లోపలి తట్టు

రేపు వైవా.
సంతపేటలో కరెంటు పోయింది.
గోడకి ఆనించిన సెల్లు లైటులో
జీర్ణవ్యవస్థ బొమ్మ ముందర నేను,
బోటి బేసిను ముందర మాయమ్మ మొగిలమ్మ.

నోరు, గొంతు, అన్నవాహిక.
అన్నవాహిక పొడుగు ఇరవై ఐదు సెంటీమీటర్లు.
"జానెడుకి రోంత ఎక్కువని చెప్పు మే,
ఎవురికైనా తెలుస్తాది."
తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు.
పుల్లకి పేగు తొడిగి
రవిక తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పి
వేన్నీళ్ళు, సున్నం, పసుపు,
మళ్ళీ వేన్నీళ్ళు.

జీర్ణాశయం, ఒకటి, అన్నాను.
అప్పుడు ఆగింది చెయ్యి.
"ఒకటేనా మనిషికి?"
"ఒకటే."
"మేకకి నాలుగు మే.
తువ్వాల మాదిరి ఒకటి, తేనెతుట్టి మాదిరి ఒకటి,
నీ పుస్తకం మాదిరి ఆకులాకులుగా ఒకటి,
చివర్న అసలుది.
గడ్డి తినేదానికి నాలుగు సంచులిచ్చినోడు
మనకి ఒకటే ఇచ్చినాడంటే
ఇంతే తినమనే గదా."
ఆ మూడోదాన్ని ఒడిలోకి లాక్కుని
ఒక్కో ఆకూ విప్పి తుడస్తా అంది:
"చదవను రాదు గానీ, కడగను వస్తాది."

కార్జం కింద చేదుకట్టు.
పెళ్ళైన కొత్తలో నాయన తొందరపడి దాన్ని చిట్లించినాడంట,
రెండు కేజీల కార్జం నీవా గట్టున పారేస్తే
కుక్కలు కూడా మూతి పెట్టలేదంట.
"ఆ చేదు లేకపోతే నెయ్యి అరగదు మా" అన్నాను.
"అట్లనా" అంది.
కాసేపటికి మళ్ళీ, తనలో తనే, "అట్లనా."

చిన్నపేగు ఆరు మీటర్లు.
(నా చీరకంటే రోంత పొడుగు, అంది.)
దాని లోపల వేళ్ళలాంటి మొలకలు, లక్షలు,
ఒక్కో మొలకలో ఒక్కో నెత్తురు దారి,
అన్నం అన్నంగా ఉండేది అక్కడిదాకానే.
ఇంగ్లీషులో బట్టీ పట్టిన ఆ వాక్యాన్ని
ఆమె కోసం తెలుగులోకి ఈడ్చుకొస్తా ఉంటే
తడి చేత్తో నా వేలు పట్టి పేగు మీద పెట్టింది.
మఖమలు.
"ఎవురూ చూడని తట్టు
ఇంత పనితనం పెట్టినాడు చూడు."

సుగంధి మేడం ఇది అడక్కుండా వదలదు:
తలకిందులుగా వేలాడి మింగినా
ముద్ద కడుపులోకే ఎట్ల పోతుంది?
మాయమ్మ పేగుని రెండు వేళ్ళ మధ్య పట్టి
వెనక బిగించి, ముందర వదిలి,
బిగించి, వదిలి,
వేలూరు బస్సులో జనాన్ని కండక్టరు జరిపినట్టు
లోపల మిగిలిందంతా జరిపి జరిపి
బేసినులో రాల్చింది.
నేను పెన్ను మూసేసినాను.

పొట్ట చప్పుళ్ళు లెక్కపెట్టేది ప్రాక్టికల్లో ఉంది.
పడుకో మా, అంటే "చేతులు నీచు" అంది.
పోలీసులకి దొరికిన దొంగ మాదిరి
రెండు చేతులూ గాల్లో పెట్టుకుని చాప మీద ఒరిగింది.
బొడ్డుకి కుడి పక్కన, కిందగా, అపెండిక్స్ కోసిన గీత.
తీసింది చూపించమని డాక్టరుతో కొట్లాడిందంట,
నా సరుకు నాకు చూపరా, అని.

అడిగి తెచ్చుకున్న స్టెతస్కోపు.
ఒక్క నిమిషం.
మొదట ఏమీ లేదు.
తర్వాత గుడగుడ.
పొడుగ్గా, వాకిట్లో చీపురు ఈడ్చినట్టు.
ఇంకోసారి.
పరీక్షకి రాదని మేమంతా కొట్టేసిన పేరా ఒకటుంది:
ఖాళీ కడుపు గంటన్నరకోసారి
తన్ను తానే ఊడ్చుకుంటుంది.
తిన్నోళ్ళ కడుపులో ఆ అల లేవదు.

తెల్లారుజామున మూడుకి లేచి పోయింది మార్కెట్టుకి.
ఇప్పుడు రాత్రి తొమ్మిది.
సాయంత్రం నేను మూత తీసినప్పుడు
గిన్నెలో ఒకటే సంగటి ముద్ద ఉండింది.
బేసినులో ఉండేదంతా రేపు అమ్మేది.

"ఎన్ని?" అంది, చేతులు ఇంకా గాల్లోనే.
"పద్నాలుగు."
"పాసేనా?"
ఐదు నుంచి ముప్పై దాకా పాసే.
పాసే మా, అన్నాను,
సెల్లు లైటు తీసుకుని
రాగిపిండి డబ్బా వెతకను లేచినాను.